బోధన్‌కు పట్టుకెళ్లిన పసుపు

నిజామాబాద్,
కార్తీక సోమవారం.

రంజిత్ అవ్వకు,

నేనూ మన రంజితూ బాగున్నాం. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉన్నాను గానీ, ఈసారి రాసేటప్పుడు చేయి వెనకాడలేదు. కాలు విరిగిన మీ అమ్మ కర్ర పట్టుకొని ఇంట్లో అటూ ఇటూ నడుస్తోందని చదివి చాలా సంతోషపడ్డాను. అత్తకు నా దండాలు చెప్పు. మీ అన్న మార్కండేయ బావనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

భీవండిలో బావ ఇంట్లో మగ్గాలు ఆడుతుంటే ఫోన్లో నా మాట నీకు వినపడదు. వినపడినా ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసు. నువ్వు 'ఆ, చెప్పు' అనగానే చెప్పాలనుకున్నది ఎటో పోతుంది. కాగితమైతే తొందరపెట్టదు. పసుపు అడ్తి దుకాణంలో ఆ రోజు లెక్క ముగించి, సేటు ఇంటికి పోయాక, గద్దె మీదే కూర్చొని కొంచెం కొంచెంగా దీన్ని రాస్తున్నాను. పెద్దదైంది. తీరిగ్గా చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ గోలీలు మరువకుండా వేసుకుంటున్నాను. వంటింటి రేకు కారే చోట తారు పూయించాను. మొన్నటి వానకు చుక్క పడలేదు. నీ బీడీల చాటనూ కత్తెరనూ గుడ్డలో కట్టి అటక మీద పెట్టాను. బీడీ కంపెనీలో నీ కార్డు పోలేదు, వచ్చాక మళ్లీ ఆకు తెచ్చుకోవచ్చన్నారు. పక్కింటి శైలజ నీకు ఫోన్ చేసి, 'మీ ఇంటికి ఒక పిల్ల వస్తుంది, పాయింట్ వేసుకుంటది, మీ పోరనితోటి గట్టిగ కొట్లాడుతది' అని చెప్పిందని రాశావు. మూడూ నిజమే. ఆ అమ్మాయి గురించే ఈ ఉత్తరంలో సగం.

ఇక ఆల్బమ్ సంగతి. 'ఆల్బమ్ అంటే ఏంది, పెండ్లి ఫొటోలు పెట్టేదా' అని అడిగావు కదా. ఆ ముక్క వాడికి చదివి వినిపించాను. నవ్వాడు. తల వెనక్కి వాల్చి, చిన్నప్పుడు నవ్వినట్టు నవ్వాడు. ఆ నవ్వు కవర్లో పెట్టి పంపే వీలుంటే ఇంత పొడవు రాసే పని తప్పేది.

ఫొటోలది కాదు, పాటలది. ఎనిమిది పాటలు ఒక కట్టగా చేసి ఇంటర్నెట్లో పెట్టారు. క్యాసెట్టు లేదు, ఫోన్లోనే వినాలి. సినిమా పాటలు కావు. మనవాడు గిటారు వాయిస్తూ తను రాసుకున్నది పాడతాడు. దాన్ని ఇండీ రాక్ అంటారట. ఏ కంపెనీ నీడనా చేరకుండా తమకు తోచినట్టు చేసుకునే పాట అని నాకు అర్థమైంది. ఆ అమ్మాయిది హిప్ హాప్. అందులో రాగం తీయరు. తాళానికి సరిగ్గా పడేట్టు మాట్లాడతారు. వెనకట మండీలో పసుపు వేలం పాడేవాడు ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు, గుర్తుందా, అంత వేగం. అయినా ఒక్క మాట కింద పడదు. ఈ రెండూ కలిపి ఇద్దరూ చేసిన మొదటి ఆల్బమ్ ఇది. పేరు 'పిప్పి'. చెరుకు పిప్పి. పేరు ఆ అమ్మాయే పెట్టింది. ఇదేం పేరమ్మా అని నేను అడిగితే, "రసం ఎవరో తాగిపోయిండ్రు కాకా. మిగిలింది మేమే గదా," అంది. కొంచెం ఆగి, "పిప్పి మంచిగ మండుతది గూడ," అంది.

ఆమె పేరు సౌందర్య. ఊరు బోధన్. అక్కడి బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణంలో పని చేస్తుంది. తండ్రి సిద్దిరాములు చెరుకు రైతు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వరి వేసుకుంటున్నాడు. తల్లి లేదు, నాయనమ్మ ఈరవ్వ పెంచింది. మంచి పిల్ల. నోరు పెద్దది. ఆ నోరే మనకు మేలు చేసింది.

నువ్వు భీవండికి బండి ఎక్కిన రోజు, బండి కదులుతుంటే కిటికీలోంచి ఒక మాట అడిగావు. 'వాడు తలుపు తీస్తడా?' అన్నావు. బండి వెళ్లిపోయింది. దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. తీశాడు. ఒకసారి తీసి, మళ్లీ వేసుకుని, మళ్లీ తీశాడు. ఎలాగో రాస్తాను.

నువ్వు ఇక్కడ ఉన్నప్పుడే వాడు అర్ర తలుపు వేసుకుని లోపల కూర్చుని ఒక పాట పాడి ఫోన్లో పెట్టాడట. మనకు తెలియదు. ఆ పాట బోధన్‌లో ఈ అమ్మాయి విని, దాని మీద తన మాటలు చేర్చి వాడికి తిప్పి పంపింది. ఇద్దరిదీ ఒకే జిల్లా అని అప్పటికి ఇద్దరికీ తెలియదు. నువ్వు పోయిన కొన్నాళ్లకు ఒక పొద్దున నేను జాలాట్లో ముఖం కడుక్కుంటుంటే వెనక నుంచి, "బాపు, బోధన్ బస్సు ఎక్కడ ఆగుతది?" అని వినపడింది. సబ్బు కళ్లలోకి పోయింది.

"బస్టాండులనే," అన్నాను.

"గది తెలుసు. ఏ దిక్కు?"

"పోతే కనబడతది."

అంత పొడిగా ఎందుకు అన్నానో నాకే తెలియదు. వాడు గిటారు భుజాన వేసుకుని బయలుదేరితే, దుకాణానికి పోవలసినవాణ్ణి వాడి వెనకే దూరంగా బస్టాండు దాకా నడిచాను. వాడు బస్సు ఎక్కి కూర్చున్నాక వెనక్కి తిరిగాను. ఆ రోజు దుకాణంలో రెండు చీటీలు తప్పు రాశాను.

తర్వాత అమ్మాయే ఇక్కడికి రావడం మొదలుపెట్టింది. పసుపు సీజను అయిపోయి సేటు గోదాము ఖాళీగా ఉంది. అడిగితే తాళం చెవి ఇచ్చాడు. గోడల మీద మాట మళ్లీ మోగకుండా చుట్టూ గోనె సంచులు వేలాడదీశారు. రంజిత్ దోస్తు సాయిరాం ఆర్మూర్ నుంచి కంప్యూటరూ మైకులూ తెచ్చాడు. ఎంత ఊడ్చినా అక్కడ పసుపు ధూళి పోదు. మూడో పాటలో సౌందర్య తుమ్మింది. ఆ తుమ్ము బాగుందని అలాగే ఉంచేశారు.

సాయంత్రాలు నేను లెక్క రాసుకుంటుంటే గోదాములోంచి వాళ్ల మాటలు వినపడేవి.

"నీ పాట తెల్లారేదాక మొదలుగాదు రంజిత్."

"నువ్వు బస్సు పోతున్నట్టు ఉరుకుతవ్."

"మరి పోతది గదా. ఆఖరు బస్సు దొరకకుంటే నువ్వు తోలుకపోతవా బోధన్ దాక?"

"నడుచుకుంట పో. నీ నోటికి అలసట లేదు, కాళ్లకెందుకుంటది?"

వాడు ఒకరితో తగవు పడటం విని నేను ఎంత నిశ్చింతగా ఉన్నానో నీకు అర్థమవుతుంది. ఏడాదిగా వాడి గొంతే మరిచిపోయినట్టు ఉండింది. అన్నం తినేవాడు. తలంటుకునేవాడు. డాక్టరు రాసిన గోలీలు నేను గుర్తు చేయకుండానే వేసుకునేవాడు.

శ్రావణం వచ్చాక ఒక సాయంత్రం నిజంగానే కొట్లాడుకున్నారు. ఏమిటో నాకు తెలియలేదు, గొంతులు మాత్రం వేరుగా ఉన్నాయి. అమ్మాయి సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చి, "పోతున్న కాకా. తాళం ఏసుకోండ్రి," అని వెళ్లిపోయింది. ఏమైందమ్మా అని అడగాలనుకుంటూ నేను చీటీలు సర్దేలోపు ఆమె మూలమలుపు తిరిగిపోయింది. రంజిత్ ఇంటికి వచ్చి, గిటారు మంచం కిందికి తోసి, తలుపు వేసుకున్నాడు.

మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. నువ్వు చేసినట్టే నేను తలెలో అన్నం పెట్టి, మూత వేసి, తలుపు కొట్టి వచ్చేవాణ్ణి. సాయంత్రం వచ్చి చూస్తే మూత కదలలేదు. నీకు రాసిన ఉత్తరంలో 'బాగున్నాం' అనే రాశాను. ఆ ఒక్క ఉత్తరానికి నన్ను క్షమించు.

ఆ అమ్మాయిని మళ్లీ పిలుచుకు రావాలి, వేరే దారి లేదనుకున్నాను. నేను ఒకరింటికి పోయి ఒకటి అడిగే మనిషిని కాదు. అయినా శుక్రవారం సెలవు అడిగాను. సేటు నా ముఖం చూసి, "తబియత్ ఠీక్ హై నా, రాజనర్సూ?" అని ఆరోగ్యం అడిగాడు. వట్టి చేతులతో ఎలా పోతానని, దుకాణంలో మంచి పసుపు కొమ్ములు ఏరి సంచిలో వేసుకున్నాను. ఏర్గట్ల సరుకు, విరిస్తే లోపల ఎర్రగా ఉంటుంది. సంచికి చిల్లు ఉందని బస్టాండులో చూసుకుని, అక్కడే కొత్త తువ్వాల కొని అందులో మూట కట్టాను.

ఇప్పటికే నువ్వు నుదురు కొట్టుకుంటూ ఉంటావు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

వాళ్ల ఇల్లు శక్కర్‌నగర్ దాటాక ఉంది. ఈరవ్వ గడప దగ్గర కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. "ఎవరు కొడుకా?" అంది.

"నిజామాబాద్ నుంచి వచ్చిన. రంజిత్ బాపును."

"గా గిటారు పిలగాని బాపువా? రా, లోపటికి రా."

మూట ఆమె చేతికి ఇచ్చాను. ముడి విప్పి చూసింది. ఒక కొమ్ము తీసి వాసన చూసింది. నన్ను కింది నుంచి పై దాకా చూసింది. మాట్లాడకుండా మూట పట్టుకుపోయి దేవుని అర్రలో పెట్టి వచ్చింది. "సిద్దిరాములూ, ఎవరచ్చిండ్రో చూడు. కాళ్లకు నీళ్లియ్యి," అని కేకేసింది. సిద్దిరాములు మంచం మీద కొత్త దుప్పటి పరిచి నన్ను కూర్చోబెట్టాడు. నా కంటే చిన్నవాడే, మెత్తని మనిషి. ముసలామె పాయసం వండటానికి పోయింది. ఎంత మర్యాదస్థులు అనుకున్నాను.

"ఒక్కనివే వచ్చినవా అన్న? వదినె రాలేదా?" అన్నాడు.

"మా ఆమె భీవండిల ఉంది. వాళ్ల అమ్మకు కాలిరిగింది."

"అయ్యో. మరి ఆమెకు చెప్పే వచ్చినవా?"

"లేదు."

తల్లీ కొడుకూ ముఖాలు చూసుకున్నారు. తర్వాత ఒకటి వెంట ఒకటి అడగడం మొదలుపెట్టారు. వాళ్ల పిల్ల మన ఊరికి వచ్చి పోతోంది కదా, తెలుసుకోవాలని ఉంటుంది అనుకుని అన్నిటికీ చెప్పాను.

"ఇల్లు సొంతందేనా?"

"సొంతందే. రేకులది."

"ఎందరు పిల్లలు?"

"వాడొక్కడే."

"తాగుడు గీగుడు?" అని వంటింట్లోంచి ఈరవ్వ.

"నాకా, వానికా?"

"ఇద్దరికి."

"లేదు."

"బీడీ?"

"ఇంట్ల చేస్తరు, తాగరు."

"పిలగాడు ఏం పని చేస్తడు?" అని సిద్దిరాములు అడిగాడు. నువ్వు నేర్పినదే చెప్పాను. కంపెనీ పని, ఇంట్లోంచే చేస్తాడు అన్నాను. ఆయన తల ఊపాడు. పాయసం గిన్నె నా చేతికి వచ్చింది. రెండు చెంచాలు తిన్నాను. అప్పుడు ఆయన గొంతు తగ్గించి అన్నాడు: "మాకు కులం పట్టింపు గంత లేదన్నా. మా అవ్వకే జర ఉండె. నువ్వు పసుపు తెచ్చేసరికి ఆమె గూడ మెత్తబడ్డది. కార్తీకంల పెట్టుకుంటే కోతలు గూడ ఒడుస్తయి."

చెంచా నోటి దగ్గరే ఆగిపోయింది. శ్రావణ శుక్రవారం, కొత్త గుడ్డలో పసుపు, పెళ్లి కావలసిన కొడుకున్న తండ్రిని నేను, పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇల్లు వాళ్లది. అన్నీ ఒక్కసారే కనపడ్డాయి.

"నేను దానికి రాలే," అన్నాను.

"దేనికి?" అంది ఈరవ్వ.

"పెండ్లికి."

"మరి పసుపెందుకు తెచ్చినవ్?"

"మా దుకాణంల అదే ఉంటది."

నువ్వు ఇప్పుడు నవ్వుతావు. అక్కడ ఎవరూ నవ్వలేదు. సిద్దిరాములు లేచి నిలబడ్డాడు. కోపం లేదు, ముఖం మాత్రం చిన్నబోయింది. "అన్నా, నువ్వు మూట పట్టుకొచ్చుడు గల్లీ అంత చూసింది. ఇంట్ల ఎదిగిన పిల్ల ఉంది. పెండ్లికి గాదంటే దేనికొచ్చినవని చెప్పాలె నేను?" అన్నాడు.

నిన్న ఇక్కడి దాకా రాసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈ రోజు మళ్లీ తీశాను. ఇక్కడి నుంచి రాసేది నీకు ఇన్నాళ్లూ చెప్పనిది.

రంజిత్ సంగతి ఎవరికీ చెప్పొద్దని నువ్వు నాతో ఒట్టు వేయించుకున్నావు. రేపు వాడికి సంబంధాలు రావాలి, పది మంది పది రకాలుగా అంటారు అన్నావు. సరేనన్నాను. హైదరాబాద్‌లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు కండ్ల పరీక్ష అని చెప్పాం. మరి కళ్లజోడేదని మీ అన్న అడిగితే, చుక్కల మందు ఇచ్చారని నువ్వు సర్దావు. తలుపు వేసుకుని ఎందుకుంటాడంటే కంపెనీ పని అన్నాం. అంతా ఇద్దరం కలిసే చేశాం, తప్పు నీ ఒక్కదానిదే కాదు.

ఆ రోజు సిద్దిరాములు ముందు ఆ ఒట్టు తప్పాను. అంతకుముందే ఆయనకు ఒక అబద్ధం చెప్పి ఉన్నాను. పాయసం తింటూ రెండోది చెప్పలేకపోయాను. చెబితే వాళ్ల పిల్ల మీద మాట పడుతుంది.

"నా కొడుక్కు మనసు బాగలేదన్నా," అన్నాను. "కంపెనీ లేదు, పని లేదు. హైదరాబాద్ల నౌకరి పోయినంక వచ్చి అర్రల పండుకున్నడు. ఏడాది కావొస్తుంది. తానం లేదు, మాట లేదు. మా ఆమె తలుపు కొట్టి తలె ఆడ పెట్టిపోతుండె. గోలీలు నడుస్తున్నయి. మీ పిల్ల పాటకు పిలిచినంక బయటికచ్చిండు. మొన్న ఏదో మాటామాట అయింది. మళ్ల తలుపేసుకున్నడు. ఆమెను జర రమ్మని అడుగుదామని వచ్చిన. నాకు ఇంకేం తెల్వదు."

ఇన్ని మాటలు ఒక్కసారిగా నేను నీతో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. ఈరవ్వ వచ్చి గిన్నె తీసుకుంది. ఇక పంపించేస్తారు అనుకున్నాను. ఆమె గిన్నె మళ్లీ నింపి తెచ్చింది.

సిద్దిరాములు వచ్చి మంచం మీద నా పక్కన కూర్చున్నాడు. "గీ మంచమే," అన్నాడు. "ఫ్యాక్టరీ బందైనంక రెండు పంటలు దీని మీదికెళ్లి దిగలే నేను. చెరుకు ఎండిపోతుంటే గూడ పోయి చూడలే. మంది అడిగితే మా అవ్వ నడుం నొప్పి అని చెప్పింది."

"మరేం చెప్పాలె?" అంది ఈరవ్వ. "నూనె గూడ పట్టించిన నడుముకు, మంది చూడాలని."

"మేం కండ్ల పరీక్ష అని చెప్పినం," అన్నాను.

అప్పుడు ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నాకు తెలియకుండా కళ్లలో నీళ్లు వచ్చాయి. కండ్ల పరీక్ష నాకే చేయించాలని ముసలామె అంది.

అంతలో సౌందర్య మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చింది. "ఏమైంది? గల్లీల అందరు నన్ను చూసి పండ్లికిలిస్తుండ్రు," అంది గుమ్మంలోనే.

"నీకు పెండ్లి కుదిరి తప్పింది," అంది నాయనమ్మ.

"ఎవరితోటి?"

"రంజిత్‌తోటి."

"గాడా? గాడు పాట మొదలువెట్టే లోపట నేను ముసలిదాన్నైత." అప్పుడు నన్ను చూసి నాలుక కరుచుకుంది. "కాకా, నువ్వా?"

నేను వచ్చిన పని చెప్పాను. తగవు దేని గురించో అప్పుడు ఆమె చెబితే తెలిసింది. మనవాడు తలుపు వెనక పాడి పంపిన ఆ మొదటి పాటను ఆల్బమ్‌లో ముందు పెట్టాలని ఆమె పట్టు. అది అసలు ఉండకూడదని వాడి పట్టు.

"నాకు తెల్వదనుకున్నవా కాకా వాని సంగతి?" అంది. "పాట ఇంటేనే తెలుస్తది. మా నాయిన మంచం గురించి నేను చెప్పిన, నాయినను అడిగే చెప్పిన. వీడేమో 'మా అవ్వ ఎవలకు చెప్పద్దన్నది' అంటడు. మరి నేనొక్కదాన్నే నా ఇంటి సంగతి చెప్పుకోవాల్నా? గందుకే వచ్చేసిన. వాడు పిలిస్తే వస్త."

"వాడు పిలువడు బిడ్డా. నేను పిలుస్తున్న."

ఆమె తండ్రి వైపు చూసింది. సిద్దిరాములు, "పో బిడ్డా. అన్న గింత దూరం వచ్చి, నోరు విప్పిండు," అన్నాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వాడి తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలికి వినపడేట్టు, "బోధన్ పోయొచ్చిన," అన్నాను. "సౌందర్య వాళ్లింటికి. నీ సంగతి చెప్పేసిన."

లోపలి నుంచి, "ఎవలకు?" అని వినపడింది.

"సిద్దిరాములుకు. వాళ్ల అవ్వకు."

"మొత్తమా?"

"మొత్తం."

"ఏమన్నరు?"

"పాయసం ఇంకింత పోసిండ్రు."

గొళ్లెం తీసిన చప్పుడైంది. వాడు గుమ్మంలో నిలబడి, నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వు మాట్లాడినవా?" అన్నాడు. పసుపు మూట సంగతి కూడా చెప్పాను. గడప మీద కూర్చుండిపోయి నవ్వాడు. ఆ పూట ఇద్దరం కలిసి తిన్నాం. పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైంది. వాడు ఏమీ అనలేదు, నేనే అన్నాను.

ఆదివారం సౌందర్య వచ్చింది. ఆ పాట ఉంచడానికి వాడు ఒప్పుకున్నాడు. దానికి 'తలె' అని పేరు పెట్టారు. ఆల్బమ్‌లో అదే మొదటిది. దసరా పోయాక ఒక శుక్రవారం ఎనిమిది పాటలూ ఇంటర్నెట్లోకి వచ్చాయి. గోదాము ముందు సాయిరాం స్పీకరు డబ్బా పెట్టి వినిపించాడు. హమాలీలు సంచుల మీద కూర్చుని విన్నారు. సిద్దిరాములు, ఈరవ్వ బోధన్ నుంచి వచ్చారు. నేను ఆ మొదటి పాట పూర్తిగా వినడం అప్పుడే.

అందులో నువ్వు ఉన్నావు. వాడు లోపల పాడుకుంటున్నప్పుడు నువ్వు అన్నం తెచ్చి తలుపు కొట్టిన చప్పుడు పాటలో పడిపోయిందట. రెండుసార్లు వేలి కణుపుతో కొట్టడం, వెంటనే నీ గాజు తలుపుకు తగలడం. నాకు వినగానే తెలిసింది. సౌందర్య ఆ చప్పుడును పాటలోంచి తీసి, మళ్లీ మళ్లీ వచ్చేట్టు పేర్చి, దాన్నే తాళం చేసింది. హిప్ హాప్‌లో అలా చేయడం మామూలేనట. ఆ తాళం మీద మొదట ఆమె మాటలు వస్తాయి: 'మా నాయిన మంచం మోసింది రెండు పంటలు, మా నాయినమ్మ మోసింది మంది మాటలు.' ఆ తర్వాత గిటారు వస్తుంది, వాడు పాడతాడు: 'ఆకలి లేదని అనలేదు నేను, తలుపు తీసే చేయి దొరకలేదవ్వా.' నీ అడుగులు వచ్చేదీ పోయేదీ లోపలి నుంచి ప్రతిపూటా విన్నానని కూడా పాడాడు. నువ్వు తలుపు దగ్గర ఎంతసేపు నిలబడి పోయేదానివో వాడికి తెలుసు. మనం బయట ఉండి వాడికి ఏమీ పట్టదనుకున్నాం.

సిద్దిరాములు పాట అయ్యేదాకా తల దించుకుని ఉన్నాడు. అయిపోయాక ఈరవ్వ అందరికీ వినపడేట్టు, "నా పేరు చెప్పలే గని, మంచిగున్నది," అంది.

మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, తిట్టేవాళ్లూ ఉన్నారు. ఇదేం పాట, ఏడుపూ తగవూ కలిపినట్టుంది అని ఎవరో రాశారట. వాడు అది నాకు చదివి వినిపించి, కాళ్లు కడుక్కుని అన్నానికి వచ్చాడు. ఇక్కడి ఒక కాలేజీ వాళ్లు, బోధన్ వాళ్లు వచ్చి పాడమని పిలిచారు. డాక్టరు గోలీలు ఇంకొన్నాళ్లు ఆపొద్దన్నాడు. మంచి రోజులతోపాటు చెడ్డ రోజులు కూడా వస్తాయి, గాబరా పడొద్దన్నాడు. మొన్న అలాంటి రోజు ఒకటి వచ్చింది. తలుపు దగ్గరికి వేసుకున్నాడు, గొళ్లెం పెట్టలేదు. మర్నాటికి లేచాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఇక దాచను.

ఒట్టు తప్పానని నీకు కోపం వస్తే, వచ్చాక తిట్టు. పడతాను. తప్పినందుకు బాధ ఉందా అంటే లేదు. బోధన్ బస్సులో తిరిగి వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాను. ఏడాదిలో పగటిపూట నాకు నిద్ర పట్టింది ఆ ఒక్కసారే. కండక్టరు లేపాడు.

ఇంత తొందరగా ఇది పంపడానికి ఒక కారణం ఉంది. నిన్న అన్నం తింటూ వాడు అడిగాడు: "బాపు, భీవండిల అవ్వ ఇంకా కంపెనీ పని అనే చెప్తుందా?"

"చెప్తుండొచ్చు," అన్నాను.

"మామ గీ పాట ఇంటే తెలిసిపోతది గదా. అవ్వ అబద్ధమాడిందంటరు. నేనే చెప్త."

"నువ్వా?"

"ఐతారం ఫోన్ చేస్త మామకు. అవ్వకు నువ్వు ముందుగాల రాయి. లేకుంటే బుగులువడతది."

అందుకే స్పీడు పోస్టులో వేస్తున్నాను. శనివారానికి అందుతుందన్నారు. ఆదివారం ఫోన్ మోగితే బావను మగ్గాల కాడి నుంచి బయటికి పిలువు. నువ్వు పక్కనే ఉండు. వాడు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగితే, అందుకుని సర్దిచెప్పాలని నీకు అనిపిస్తుంది. ఏమీ అనకు. బావను కూడా తొందరపడి ఏమీ అననివ్వకు. వాడి మాట ఈ మధ్య నెమ్మదిగా వస్తుంది. చివరిదాకా వస్తుంది.

ఇట్లు,
రంజిత్ బాపు,
రాజనర్సు.